“ప్రస్తుతానికి ఎలాంటి నిర్ణయమూ లేదు” అంటే నమ్మాను. ఇక ఎవరి ప్రకటన నమ్మాలి?

సందేహాలరావు అడిగిన ప్రశ్న:

కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఈ ఏడాది మొదట్లో మా ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్నారని గుసగుసలు మొదలయ్యాయి. రెండు రోజుల్లోనే పైనుంచి అందరికీ మెయిల్ వచ్చింది. “సిబ్బంది తగ్గింపుపై ప్రస్తుతానికి ఎలాంటి నిర్ణయమూ తీసుకోలేదు. ఊహాగానాలను నమ్మవద్దని కోరుతున్నాం” అని. నా కింద ఆరుగురు పనిచేసేవాళ్లు. వాళ్లలో ఇద్దరికి బయట ఆఫర్లు చేతిలో ఉన్నాయి. “మెయిల్ చూశారుగా, కంగారు పడకండి” అని నేనే ఆపాను. ఏడో వారం ఆరుగురిలో నలుగురిని పంపించేశారు. ఆఫర్లు వదులుకున్న ఇద్దరూ ఆ నలుగురిలోనే ఉన్నారు.

హెచ్‌ఆర్‌ని అడిగితే ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. “మెయిల్ పంపిన రోజుకి నిర్ణయం తీసుకోలేదండీ. అందులో అబద్ధం ఏముంది?” అంది. నాకు జవాబు తోచలేదు.

అసలు బాధ దీని తర్వాతది. అప్పట్నుంచి ఎవరేం చెప్పినా నమ్మడం మానేశాను. పోయిన నెల మా అమ్మ వేసుకునే మాత్ర గురించి తయారీ కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది, ఫలానా బ్యాచ్‌లు వెనక్కి తీసుకుంటున్నామని. అదే రోజు వాట్సాప్‌లో ఇంకోటి వచ్చింది, మొత్తం మందే విషమని, కంపెనీ దాచిపెడుతోందని. నేను రెండోదాన్ని నమ్మి అమ్మ చేత మాత్ర మాన్పించాను. నాలుగు రోజుల తర్వాత డాక్టరుగారు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మా బావ మాత్రం “అధికారికంగా చెప్పారంటే ఇక అంతే, వాళ్లకి పరువు ఉండదా” అంటాడు. నేను ఆయనలా ఉండలేను. ఇప్పుడున్నట్టు కూడా ఉండలేను. కంపెనీలైనా, నాయకులైనా ఒక ప్రకటన ఇస్తే మీరు దాన్ని ఎలా చదువుతారు?

———

కలికాలం:

ఇందులో చదవడానికేముందండీ, అందరూ దొంగలే. నా లెక్క ఒక్కటే. ఎవరైనా గట్టిగా ఖండించారంటే అది నిజమన్నమాట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

———

ఎర్రసిరా:

కలికాలం గారూ, మీ లెక్క రావుగారి బావగారి నమ్మకాన్ని తిరగేసి తొడుక్కున్నట్టుంది. ఆయన ప్రకటన చూసి అవును అంటారు, మీరు చూసి కాదు అంటారు. ఇద్దరూ చదవడం లేదు. పుకారు పూర్తిగా అబద్ధమైనా ఖండించక తప్పదు కదా, అప్పుడేం చేస్తారు?

రావుగారూ, మీ మెయిల్ గురించి నాకు కొంచెం తెలుసు. ఆ మెయిల్ కాదు, అలాంటివి. పదకొండేళ్లు ఒక పెద్ద కంపెనీలో ప్రకటనలు రాసి బతికాను. “ప్రస్తుతానికి ఎలాంటి నిర్ణయమూ తీసుకోలేదు” అనే వాక్యం నా చేత్తో కనీసం మూడుసార్లు రాశాను. అందులో నిర్ణయం అంటే బోర్డు మీటింగులో సంతకం పడటం. పేర్ల జాబితా తయారై ఉండొచ్చు, ఇవ్వాల్సిన డబ్బు లెక్కగట్టి ఉండొచ్చు, సెక్యూరిటీ వాళ్లకి ఏ రోజు రావాలో కూడా చెప్పి ఉండొచ్చు. సంతకం పడలేదు కాబట్టి నిర్ణయం లేదు. మీ హెచ్‌ఆర్ ఆవిడ అబద్ధమాడలేదు, అదే ఇందులో ఉన్న దరిద్రం.

నేను రాసినవాటిలో పచ్చి అబద్ధాలు చాలా తక్కువ. మంచితనం వల్ల కాదు. అబద్ధం కోర్టులో దొరికిపోతుంది, అందుకని లాయర్లు ఒప్పుకోరు. వాళ్లకు కావాల్సింది కోర్టులో నిజంగా నిలబడుతూ, ఇంట్లో కూర్చుని చదివేవాడికి ఇంకోలా అర్థమయ్యే వాక్యం. పాము చావకూడదు, కర్ర విరగకూడదు.

ఒకటి చెబుతాను. మా దగ్గర కస్టమర్ల వివరాలు బయటికి పోయాయి. పొద్దున తొమ్మిదింటికి నేను రాసిన మొదటి డ్రాఫ్టులో “మా కస్టమర్ల వివరాలు దొంగిలించారు” అని ఉంది. పదింటికి లాయరు ఎర్రపెన్ను పట్టుకుని వచ్చాడు. “దొంగిలించారని మనకెలా తెలుసు? లోపలికి వచ్చారు, అంతవరకే తెలుసు” అన్నాడు. మధ్యాహ్నానికి అది “కొందరు కస్టమర్ల వివరాలను అనధికార వ్యక్తులు చూసి ఉండే అవకాశం ఉంది” అయింది. షేర్‌హోల్డర్లతో మాట్లాడే విభాగం వాళ్లు వచ్చి “అవకాశం” అనే మాట భయపెడుతుందన్నారు. సాయంత్రం ఆరున్నరకి బయటికి వెళ్లిన వాక్యం ఇది: “కస్టమర్ల సమాచారం దుర్వినియోగమైనట్టు ఎలాంటి ఆధారమూ మా దృష్టికి రాలేదు.”

పంపేముందు సర్వర్లు చూసే కుర్రాణ్ణి పక్కకి పిలిచి, ఆధారం ఎందుకు లేదు అని అడిగాను. నవ్వాడు. “ఎవరొచ్చారో, ఏం చూశారో రాసి ఉండే లాగ్‌లు పదిహేను రోజులే ఉంచుతాం సార్. వాళ్లొచ్చింది మూడు నెలల కిందట. చూడ్డానికి ఏముందని ఆధారం దొరుకుతుంది?” అన్నాడు. ప్రకటనలో ప్రతి అక్షరం నిజమే. పంపేశాను. ఆ రాత్రి నాకు బాగానే నిద్రపట్టింది, అది చెప్పుకోవడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అందుకని ఇప్పుడు “ఆధారాలు లేవు” అని ఎక్కడ కనిపించినా, వెతికారా, వెతకడానికి అక్కడ ఏమైనా మిగిలి ఉందా అనే చూస్తాను.

ఇంకోటి, ఇది మన భాషకి సంబంధించింది. ఇంగ్లీషులో చేసినవాణ్ణి దాచడానికి వాక్యాన్ని కాస్త మెలితిప్పాలి. అమెరికా అధ్యక్షుడు రీగన్ 1987లో, ఇరాన్‌కి ఆయుధాలు అమ్మిన గొడవ మీద మాట్లాడుతూ అలాగే పొరపాట్లు “జరిగాయి” అన్నాడు తప్ప చేశామనలేదు. మనకి ఆ శ్రమ కూడా లేదు. “పొరపాటు జరిగింది”, “ఘటన చోటుచేసుకుంది”. పొరపాటు తనంతట తనే జరిగిపోతుంది, ఘటన తనే వచ్చి చోటు చూసుకుని కూర్చుంటుంది! నేను తెలుగు ప్రెస్‌నోట్లు రాసేటప్పుడు లాయరుకి పని చాలా తగ్గేది. ఈసారి ఏ ప్రకటనైనా చదివేటప్పుడు ప్రతి “జరిగింది” దగ్గరా ఆగి, చేసింది ఎవరు అని పెన్సిల్‌తో రాసి చూడండి. సగం ఖాళీలు నింపలేరు.

పూర్తిగా నిజాలతో కట్టిన ప్రకటనకి నేను చూసినవాటిలో గొప్పది అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రానిది. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున రియాక్టర్ పేలింది. 28న స్వీడన్‌లోని ఒక అణు విద్యుత్ కేంద్రంలో రేడియేషన్ కనిపించి, వాళ్లు ఇదెక్కడిదని ఆరా తీస్తే తప్ప మాస్కో నోరు విప్పలేదు. ఆ సాయంత్రం వచ్చిన అధికారిక ప్రకటన నాలుగైదు వాక్యాలే. ప్రమాదం జరిగింది, ఒక రియాక్టర్ దెబ్బతింది, చర్యలు తీసుకుంటున్నారు, బాధితులకు సాయం అందుతోంది, కమిషన్ వేశారు. ఒక్క ముక్క అబద్ధం చూపించండి చూద్దాం. ఎప్పుడు జరిగిందో లేదు. ఎంత రేడియేషన్ బయటికి వచ్చిందో లేదు. పక్కనున్న ప్రిప్యాత్ ఊరిని ముందురోజే మొత్తం ఖాళీ చేయించారన్న మాట కూడా లేదు. సోవియట్ నాయకుడు గోర్బచేవ్ దీని మీద టీవీలో కనిపించింది మే 14న.

అంకెల సంగతి పద్దుల మనిషి గారు బాగా చెబుతారు, ఆయన ఇక్కడే ఎక్కడో ఉండాలి. నా అనుభవంలో మొదటి అంకె అడ్వాన్సు లాంటిది. అసలు బిల్లు తర్వాత వస్తుంది.

———

పద్దుల మనిషి:

పిలిచారు కాబట్టి వచ్చాను. వృత్తిరీత్యా ఆడిటర్ని.

అడ్వాన్సు మాట నిజం. యాహూ 2016 డిసెంబరులో, 2013లో జరిగిన చొరబాటులో 100 కోట్లకు పైగా ఖాతాలు దెబ్బతిన్నాయంది. 2017 అక్టోబరులో కొత్త ప్రకటన, మొత్తం 300 కోట్ల ఖాతాలూ అని. అంటే ఉన్నవన్నీ. 2010లో మెక్సికో సింధుశాఖలో బ్రిటన్ చమురు కంపెనీ బీపీ బావి పేలి 11 మంది చనిపోయినప్పుడు, మొదట్లో రోజుకి 1,000 పీపాల చమురు కారుతోందన్నారు, తర్వాత 5,000 అన్నారు. చివరికి ప్రభుత్వ శాస్త్రవేత్తలు తేల్చింది, మొదట్లో రోజుకి 62,000 పీపాల దాకా అని. ఈ అంకెలు ఎప్పుడైనా రెండో వైపుకి, అంటే “అయ్యో ఎక్కువ చెప్పాం” అనే వైపుకి తప్పుతాయేమోనని చాలా కాలంగా చూస్తున్నాను. నా కంటికి పెద్దగా దొరకలేదు.

నేను చూసేది వేరే. ఈ మాట అబద్ధమని తేలితే ఎవరికి శిక్ష పడుతుంది? ప్రెస్‌నోట్‌లో “మాపై ఆరోపణలు నిరాధారం” అని రాస్తే సాధారణంగా ఎవరికీ ఏమీ కాదు. అదే కంపెనీ వార్షిక నివేదికలో, ఖాతాల వెనక చిన్న అక్షరాల నోట్స్‌లో, అదే కేసు కోసం డబ్బు కేటాయించి పక్కన పెట్టి ఉండొచ్చు. ఎందుకంటే అక్కడ దాచితే అది నేరం. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. నోటితో ఏమన్నా, డబ్బు పక్కన పెట్టారంటే ఓడిపోతామేమోనని వాళ్లకే భయం ఉందన్నమాట. బీపీ విషయంలోనూ, చమురు ఎంత కారుతోందో అమెరికా కాంగ్రెస్‌కి తప్పుగా చెప్పిన నేరాన్ని 2012లో కంపెనీ ఒప్పుకుంది. విలేకరులకి చెప్పింది గాలికి పోయింది, కాంగ్రెస్‌కి రాసి ఇచ్చింది మెడకి చుట్టుకుంది.

అయితే ఖాతాల్లో ఉంటే వేదం అనుకోకండి. ఆ మాట అనే హక్కు మా వృత్తికి 2009 జనవరి 7న పోయింది. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ ఉత్తరం చదివిన రోజు మా ఆఫీసులో ఎవరూ భోజనానికి లేవలేదు. లేని నగదు 5,040 కోట్లు ఉన్నట్టు చూపించామని ఆయనే రాశారు. నాకు ఇప్పటికీ ఆసక్తిగా అనిపించేది ఆ ఉత్తరంలో మిగతా భాగం. ఇదంతా బోర్డులో ఇంకెవరికీ తెలియదు, నేను సొంతానికి ఏమీ తీసుకోలేదు అని కూడా ఉంది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఆయనతోపాటు మరో 9 మందిని దోషులుగా తేల్చింది. అప్పీళ్ల సంగతి పక్కన పెడితే, నేను నేర్చుకున్నది, తప్పు ఒప్పుకునే ఉత్తరం కూడా ఒక ప్రకటనే. దాన్నీ అంతే జాగ్రత్తగా చదవాలి.

———

కలికాలం:

మీ ఇద్దరూ కలిసి నేను చెప్పిందే పొడుగ్గా చెప్పారు. అందరూ దొంగలే అని.

———

సందేహాలరావు:

కలికాలం గారూ, నేను కూడా ఈ ఆరు నెలలూ అలాగే అనుకున్నాను, దాని ఫలితం మా అమ్మ నాలుగు రోజులు అనుభవించింది. ఎర్రసిరా గారూ, రెండు అడగాలి. ఒకటి, ఆ మందు కంపెనీ ప్రకటన నమ్మదగిందని నాకు ముందే ఎలా తెలియాలి? రెండు, మీరంతా కంపెనీల గురించే చెప్పారు. నాయకుల మాటకి లాయరు ఎర్రపెన్ను ఉండదు కదా, వాళ్లు నోటికొచ్చినట్టు మాట్లాడతారు.

———

ఎర్రసిరా:

ముందు మందు. ఆ ప్రకటనలో బ్యాచ్ నంబర్లు ఉన్నాయన్నారు. అంటే ఎవరైనా సీసా తిప్పి సరిచూసుకోవచ్చు. తప్పయితే ఫలానా కంపెనీ అని పట్టుకోవచ్చు. అన్నిటికంటే, ఆ మాట చెప్పడం వల్ల వాళ్లకి నష్టం. అమ్ముకోవాల్సిన సరుకు వెనక్కి తెచ్చుకోమని ఎవడూ సరదాకి చెప్పడు. 1982లో అమెరికాలో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మాత్రల సీసాల్లో సైనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. తయారీ కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతటా దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తీసుకుంది. ఆ రోజుల్లో వాళ్లు చెప్పిన మాటని నేనైతే నమ్మేవాణ్ణి. ఆ కంపెనీ మంచిదని కాదు, ఆ మాటకి అంత ఖర్చు పెడుతున్నారు కాబట్టి. అదే కంపెనీ రేపు “మా ఉత్పత్తులన్నీ సురక్షితం” అంటే నమ్మడానికి నాకు ఏ కారణమూ లేదు. మనిషిని బట్టి కాదు, వాక్యాన్ని బట్టి నమ్మాలి.

మీకొచ్చిన వాట్సాప్ ముక్కలో తేదీ ఉందా? పేరు ఉందా? రాసినవాడు తప్పయితే వాడికి పోయేదేముంది? ప్రకటనని అనుమానించినంత గట్టిగా పుకారుని కూడా అనుమానించి ఉంటే మాత్ర మానేవాళ్లు కాదు. కోప్పడకండి, మీరే అడిగారు.

బావగారి “పరువు ఉండదా” మాటకి కూడా ఇక్కడే జవాబు. పరువు ఉంటుంది. అందుకే దాస్తారు. పరువు లేని చిల్లర కంపెనీ ఎర్రపెన్ను లాయరుని ఎందుకు పెట్టుకుంటుంది? జర్మనీ కార్ల కంపెనీ ఫోక్స్‌వ్యాగన్‌కి పరువు లేదా? 2014లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు డీజిల్ కార్లని రోడ్డు మీద నడిపి కొలిస్తే పొగ పరిమితికి ఎన్నో రెట్లు వచ్చింది. సాంకేతిక కారణాలు అంటూ కంపెనీ ఏడాదికి పైగా చెప్పుకొచ్చింది. 2016 మోడళ్లకి అనుమతి ఇచ్చేది లేదని అధికారులు భీష్మించాక, 2015 సెప్టెంబరులో ఒప్పుకుంది, పరీక్ష పెట్టినప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ పెట్టామని. ప్రపంచమంతా కలిపి కోటీ 10 లక్షల కార్లు. అప్పటికి నిజం చెప్పడం కంటే చెప్పకపోవడమే ఖరీదైపోయింది, అంతే.

ఇక నాయకులు. వాళ్లకి ఎర్రపెన్ను ఉండదనుకోకండి. అమెరికా అధ్యక్షుడు క్లింటన్, తన ఆఫీసులో పనిచేసిన మోనికా లెవిన్‌స్కీతో సంబంధం గురించి 1998లో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టడానికి ఆధారాలున్నాయా అని చూసే పౌరుల బృందం) ముందు, “లేదు” అన్నది నిజమా కాదా అనేది “ఉంది” అన్న మాటకి అర్థమేమిటనే దాని మీద ఆధారపడి ఉంటుందన్నాడు. సంబంధం లేదు అన్నది ఆ రోజుకి లేదు అనే లెక్కన నిజమేనని ఆయన వాదన. మీ “ప్రస్తుతానికి”కి పెద్దన్న లాంటిది. అంతకుముందు అధ్యక్షుడు నిక్సన్ ప్రతినిధి 1973లో వాటర్‌గేట్ (ప్రతిపక్ష కార్యాలయంలో చొరబడిన కుంభకోణం) మీద, ఈ రోజు చెప్పిందే చెల్లుతుంది, ఇంతకుముందు చెప్పినవి చెల్లవు అన్నట్టు మాట్లాడాడు. దానిముందు మన “నా మాటలు వక్రీకరించారు” ఎంత మర్యాదగా ఉందో చూడండి.

నాయకుల విషయంలో నాకు ఎక్కువ భయమేసేది తొందర. కంపెనీ ప్రకటన మిమ్మల్ని ఊరుకోబెట్టాలని చూస్తుంది. నాయకుడి ప్రకటన చాలాసార్లు మిమ్మల్ని ఇప్పుడే, ఆలోచించకుండా లేపాలని చూస్తుంది. 1964 ఆగస్టు 4 రాత్రి అమెరికా అధ్యక్షుడు జాన్సన్ టీవీలోకి వచ్చి, వియత్నాం పక్కనున్న టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద మళ్లీ దాడి జరిగిందన్నాడు. మూడు రోజుల్లో బలప్రయోగానికి అనుమతిస్తూ అమెరికా కాంగ్రెస్ తీర్మానం అయిపోయింది, ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2. దాని మీద నిలబడి వియత్నాం యుద్ధం పెద్దదైంది. ఆ రెండో దాడి అసలు జరగనే లేదని అమెరికా నిఘా సంస్థ చరిత్రకారుడే రాసిన పరిశోధన 2005లో గానీ బయటికి రాలేదు. అక్కడ ఆ ఓడలని నడిపిస్తున్న కమాండర్ మాత్రం ఆ రోజే, మాకు స్పష్టంగా ఏమీ కనిపించలేదు, పూర్తిగా పరిశీలించాకే అడుగు వేయండి అని సందేశం పంపాడు. మూడు రోజులు ఆగి ఆయన్ని పిలిచి అడిగి ఉంటే సరిపోయేది.

చేతులు నొప్పెడుతున్నాయి. ఇంతకుముందు ఇంత రాస్తే జీతం వచ్చేది.

———

సందేహాలరావు:

మీరు చెప్పినట్టు పాత మెయిల్ బయటికి తీసి పెన్సిల్ పట్టుకుని చదివాను. అప్పుడు నేను చూసింది మొదటి వాక్యమే. కింద ఇంకోటి ఉంది: “వ్యాపార అవసరాలకు అనుగుణంగా సిబ్బంది నిర్మాణాన్ని నిరంతరం సమీక్షిస్తూ ఉంటాం.” నా కళ్లు దాని మీదుగానే వెళ్లి ఉంటాయి, బుర్రలోకి పోలేదు. పంపిన టైము శుక్రవారం రాత్రి 7:40. ఆ ఇద్దరు కుర్రాళ్లకి ఫోన్ చేసి ఈ వాక్యం చదివి వినిపించాలనిపించింది. ఒకడికి చేశాను. “ఇప్పుడెందుకులెండి సార్” అన్నాడు.

ఇంకో సంగతి. మొన్న మిగిలినవాళ్లకి కొత్త మెయిల్ వచ్చింది. “ఉద్యోగుల భవిష్యత్తుకు మేం పూర్తిగా కట్టుబడి ఉన్నాం” అని.

———

ఎర్రసిరా:

ఆ వాక్యం తర్వాత తేదీ గానీ, అంకె గానీ ఉన్నాయా? ఫలానా నెల దాకా ఎవరినీ తీయం అనో, ఇంతమందికి ఇంత జీతం పెంచుతున్నాం అనో?

———

సందేహాలరావు:

లేవండీ. కింద ఒక పువ్వు బొమ్మ ఉంది.

———

ఎర్రసిరా:

అయితే రెజ్యూమె అప్‌డేట్ చేసుకోండి. ఈసారి మీ కింద మిగిలిన ఆ ఇద్దరికీ కూడా చెప్పండి. నేను చెప్పింది తప్పయితే ఇక్కడికొచ్చి తిట్టండి, సంతోషంగా పడతాను.